‘గట్స్’కి తెలుగులో ఏ మాట ఎక్కడ? (సబ్‌టైటిళ్లు, డబ్బింగ్, క్లాసు పాఠం)

#1 సబ్‌టైటిల్_సుబ్బి

ఒక ఇంగ్లీషు సిరీస్‌కి తెలుగు సబ్‌టైటిళ్లు రాయాలి. మొదటి మూడు ఎపిసోడ్లలోనే ‘గట్స్’, దాని చుట్టాలు పదకొండు చోట్ల తగిలాయి. అన్నిచోట్లా ‘ధైర్యం’ అని వేసుకుంటూ పోతే కుదిరేలా లేదు. చిక్కుబడ్డవి ఇవి:

“యూ డోంట్ హ్యావ్ ద గట్స్!” (తుపాకి పట్టుకున్నవాడితో విలన్ అనే మాట)
“ఐ హేట్ హిజ్ గట్స్.”
“మై గట్ సేస్ హీ ఈజ్ లయింగ్.”
“హీ స్పిల్డ్ హిజ్ గట్స్ టు ద పోలీస్.”
“ఐ యామ్ గటెడ్, మేట్.” (ఫుట్‌బాల్ మ్యాచ్ ఓడాక)
“ద వేర్‌హౌస్ వాజ్ గటెడ్.”
“యూ హ్యావ్ సమ్ నర్వ్, కమింగ్ హియర్.”

రెండోదానికి యంత్రానువాదం ‘నేను అతని ధైర్యాన్ని ద్వేషిస్తున్నాను’ అని ఇస్తోంది. పెద్దలు చెప్పండి.

#2 పాళీ

సుబ్బి గారూ, యంత్రం చేసిన తప్పే మనలో చాలామంది కూడా చేస్తుంటాం. కారణం ఒకటే: ‘గట్స్’ తెలుగులోకి వచ్చేటప్పుడు ఒక్క అర్థాన్నే వెంట తెచ్చుకుంది, మిగతా కుటుంబం ఇంగ్లీషులోనే ఉండిపోయింది.

అసలు అర్థం పేగులు. పాత ఇంగ్లీషులో ‘గుట్టస్’ అనే బహువచన రూపం ఉంది. ‘పోయడం’ అనే క్రియకు సంబంధించిన మాట అది. కాలువలా పారేది, పోసేది అనే ఊహ నుంచి పేగు అయింది. ధైర్యం అనే అర్థం వందల ఏళ్ల తర్వాత, 19వ శతాబ్దం చివర్లో వచ్చి చేరింది. అంటే మాట ముసలిదే కానీ ఈ వాడుక మాత్రం కుర్రది.

అందుకే మీ పట్టికలో ధైర్యానికి సంబంధించినవి మొదటిదీ చివరిదీ మాత్రమే. చివరిదైనా మెచ్చుకోలు ధైర్యం కాదు, దాని సంగతి విడిగా చూడాలి. మిగతా అయిదింటిలో ‘ధైర్యం’ అనే మాట కనబడకూడదు.

ఐ హేట్ హిజ్ గట్స్: వాడి పేగుల్ని కూడా ద్వేషిస్తున్నా, అంటే మనిషిని నిలువెల్లా. తెలుగులో ‘వాడంటే నాకు ఒళ్లు మంట’, ‘వాడి పొడ గిట్టదు’. రెండోది చిన్నది, తెరమీద బాగా ఇముడుతుంది.

స్పిల్డ్ హిజ్ గట్స్: కడుపులో ఉన్నదంతా బయట పోయడం. ‘పోలీసుల దగ్గర అంతా కక్కేశాడు’. మనకీ అదే బొమ్మ సిద్ధంగా ఉంది, ఇంకోటి వెతకనక్కర్లేదు.

మై గట్ సేస్: ‘వాడు అబద్ధమాడుతున్నాడని నా మనసు చెబుతోంది’. ఆ మాట అనేవాడు పోలీసు మనిషైతే ‘ఎక్కడో తేడా కొడుతోంది’ ఇంకా సహజంగా ఉంటుంది. ‘అంతర్బుద్ధి’, ‘సహజావబోధ’ లాంటివి మాత్రం వద్దు, సంభాషణ చచ్చిపోతుంది.

#3 మాస్టారు_తణుకు

క్లాసు పాఠం అని శీర్షికలో ఉంది కాబట్టి వ్యాకరణం సంగతి. పిల్లలు తప్పు చేసే చోట్లు నాలుగు.

ఒకటి, ధైర్యం అనే అర్థంలో ఎప్పుడూ బహువచనమే. ‘హీ హ్యాజ్ గట్’ అనకూడదు, ‘హీ హ్యాజ్ గట్స్’ అనాలి. ఏకవచనం ‘గట్’ వాడితే కడుపు, పేగు, లేదా లోపలి ఊహ. పొట్ట పెరిగినవాణ్ని కూడా ‘హీ హ్యాజ్ ఎ గట్’ అంటారు. ‘ఎస్’ ఒక్కటి ఎగిరిపోతే వీరుడు బొజ్జవాడైపోతాడు.

రెండు, బహువచనమే అయినా లెక్క పెట్టం. ‘హౌ మెనీ గట్స్’ లేదు. ‘ఎ లాట్ ఆఫ్ గట్స్’, ‘మోర్ గట్స్’ అంటాం.

మూడు, తర్వాత వచ్చే క్రియ. ‘హ్యావ్ ద గట్స్ టు ఆస్క్’ సరైనది. ‘గట్స్ ఫర్ ఆస్కింగ్’, ‘గట్స్ ఆఫ్ ఆస్కింగ్’ రెండూ తెలుగు ‘అడిగే ధైర్యం’ నుంచి నేరుగా దిగినవి. ఫలానా పని చేసే ధైర్యం అన్నప్పుడు ముందు ‘ద’ పెట్టాలి. ఊరికే ధైర్యస్థుడు అనాలంటే ‘ద’ అక్కర్లేదు: ‘ఇట్ టేక్స్ గట్స్’.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం: ఎవరి దగ్గర వాడుతున్నాం అన్నది. ఇది స్నేహితుల మధ్య మాట. ఇంటర్వ్యూలో ‘ఐ హ్యావ్ గట్స్ టు టేక్ డెసిషన్స్’ అంటే వినేవాడికి రౌడీ భాషలా తగలొచ్చు. అక్కడ ‘కరేజ్’ లేదా ‘కాన్ఫిడెన్స్’. దరఖాస్తులోనూ, సంతాప సందేశంలోనూ ‘గట్స్’ రాయకండి.

#4 గోదారిగట్టు

గట్స్‌కీ మన ‘గట్టి’కీ చుట్టరికం ఉందని ఎక్కడో చదివాను. గట్టివాడు, గట్టి గుండె, గట్స్. వరస బాగానే కుదురుతోంది కదా?

#5 పాళీ

కుదరడం వేరు, కావడం వేరు. ‘గట్టి’ ద్రావిడ మాట. కన్నడంలోనూ ‘గట్టి’, తమిళంలో ‘కెట్టి’. ఇంగ్లీషు మాట జర్మానిక్ కుటుంబానిది. రెండూ కలిసే చోటు ఎక్కడా లేదు. అలా కలుపుకుంటూ పోతే మీ పేరులో ఉన్న గట్టు కూడా గట్సే అవుతుంది, జర్మన్‌లో ‘మంచి’ అని చెప్పే ‘గూట్’ కూడా గట్సే అవుతుంది (రాతలో అక్షరాలు మూడూ అవే మరి).

#6 గోల్కొండ_మిర్చి

మా దిక్కు ధైర్యానికి మాటలు శరీరంలనే ఉంటయ్, కానీ పేగుల్లో ఉండవు. మటన్ దుకాణం ముందట నిలబడి చూస్తే మొత్తం తెలుస్తది.

కలేజా అంటే కాలేయం, మటన్ దుకాణంల దాన్నే కార్జం అంటరు. ‘కలేజా ఉండాలె’ అంటే ధైర్యం ఉండాలె అని. జిగర్ కూడ అదే. దిల్ గుర్దా అంటే గుండె, మూత్రపిండం: ‘దిల్ గుర్దా ఉన్నోడే ఈ పని చేస్తడు’. ఇవన్నీ ఉర్దూ, ఫారసీ నుంచి దక్కనీల పడి మన తెలుగులకు వచ్చినయ్. దమ్ము కూడ అంతే, ఫారసీల ‘దమ్’ అంటే ఊపిరి. దమ్ముంటే రా అంటే ఊపిరి నిలుపుకొనే శక్తి ఉంటే రా అని. దమ్ బిర్యాని, సిగరెట్ దమ్ము, అన్నీ ఆ ఊపిరి నుంచే.

ఇగ పేగులంటే బోటి. బోటిని ఎవ్వడు ధైర్యమనడు. ఉప్పు, పసుపు వేసి రుద్ది, తిరగేసి, మరుగు నీళ్లల్ల మూడు నాలుగు సార్లు కడిగి కూర వండుకుంటరు. ఇంగ్లీషోడు బోటి చూసి ధైర్యం అనుకున్నడు, మనోడు కార్జం చూసి అనుకున్నడు, గంతే తేడా.

#7 పాళీ

మిర్చి గారు సరదాగా అన్నా సంగతి నిజం. ఇంగ్లీషులో ధైర్యానికి ఇంకో మాట ‘ప్లక్’. అది కూడా కసాయి దుకాణం మాటే. జంతువును కోశాక ఒక్క గుంజుతో బయటికి వచ్చే గుండె, కాలేయం, ఊపిరితిత్తులు, గొట్టంతో సహా మొత్తం కలిపి ప్లక్. పీకడం అనే క్రియ నుంచి వచ్చిన పేరు. 18వ శతాబ్దం చివర్లో ముష్టియుద్ధాల వాళ్ల యాసలో ధైర్యం అయింది. అంటే కార్జం, గుండె వాళ్లకీ పనికొచ్చాయి, పేగులు తర్వాత చేరాయి. ఇక ‘కరేజ్’ ఫ్రెంచి దారిలో వచ్చింది, మూలం లాటిన్‌లో గుండె అనే మాట. మన గుండె ధైర్యానికి దగ్గరి చుట్టం అదే.

‘దమ్ము’ గురించి ఒక హెచ్చరిక. గోదావరి జిల్లాల్లో వరి చేలో నీళ్లు పెట్టి బురద కలియదున్నడాన్ని దమ్ము చేయడం అంటారు, ట్రాక్టరుకి దమ్ము చక్రాలు వేస్తారు. సబ్‌టైటిల్‌లో ‘దమ్ము చేశాడు’ అని రాస్తే ఆ ప్రాంతం వాళ్లకు చేను గుర్తొస్తుంది. ‘దమ్ము ఉంది’, ‘దమ్మున్నోడు’, ‘దమ్ము చూపించాడు’ ఇంతవరకే.

#8 డబ్బింగ్_గొంతు

సబ్‌టైటిల్ వేరు, డబ్బింగ్ వేరు. ఇద్దరికీ ఒకే మాట పనికిరాదు. పెదాలు చూడండి.

‘గట్స్’ అనేటప్పుడు పెదాలు ఎక్కడా కలవవు. శబ్దం గొంతులో మొదలై పళ్ల దగ్గర ఆగుతుంది. నోరు తెరిచే ఉంటుంది. క్లోజప్‌లో ఆ చోట ‘దమ్ము’ పెడితే ‘మ్మ’ దగ్గర మన గొంతులో పెదాలు మూసుకుంటాయి, తెరమీద మనిషి పళ్లు కనిపిస్తూ ఉంటాయి. వెంటనే తెలిసిపోతుంది. ‘తెగింపు’లో ‘పు’, ‘ధైర్యం’లో చివరి సున్న, ఇవీ అంతే.

పెదాలు కలవని మాటలు: గుండె, సత్తా. ‘తెగువ’, ‘చేవ’లో ‘వ’ ఉన్నా పెదాలు పూర్తిగా మూయం కాబట్టి సర్దుకుపోతుంది.

“యూ డోంట్ హ్యావ్ ద గట్స్” మొత్తంలో ప, బ, మ ఒక్కటీ లేదు. తెలుగులో కూడా ఒక్కటీ లేకుండా ఇలా వస్తుంది: “నీకంత గుండె లేదు.” ఇంగ్లీషు అయిదు అక్షరాల ఉచ్చారణ, మనది ఏడు. ‘నీకంత’ని కాస్త తొందరగా అనేసి ‘గుండె’ మీద వాళ్ల ‘గట్స్’ పడేలా చూసుకోవాలి. అప్పటికీ పొడుగైతే ‘నీకు’ తీసేసి “అంత గుండె లేదు”.

‘సత్తా’ పెదాలకు సరిపోతుంది గానీ అర్థం జారుతుంది. సత్తా అంటే చేయగల శక్తి. విలన్ ప్రశ్న తుపాకి పేల్చడం వచ్చా రాదా అని కాదు, పేల్చే తెగువ ఉందా అని.

మనిషి వెనక్కి తిరిగి ఉన్నా, దూరపు షాట్ అయినా, ఈ లెక్కలేవీ అక్కర్లేదు. హాయిగా ‘నీకు దమ్ము లేదురా’ వేసుకోండి, అన్నిటికన్నా బలంగా పలికేది అదే.

#9 సబ్‌టైటిల్_సుబ్బి

అద్భుతం. ‘నీకంత గుండె లేదు’ సబ్‌టైటిల్‌కి కూడా తీసుకుంటున్నా. నర్వ్ సంగతి ఎవరూ చెప్పలేదు. దానికీ ‘గుండె’ పెడితే రెండూ ఒకటైపోవా?

#10 మాస్టారు_తణుకు

ఒకటి కావు. పైగా మన ఇంగ్లీషులో అందరూ తప్పేది ఇక్కడే.

తెలుగులో ‘నాకే ఎదురు చెప్తావా, ఎంత గట్స్ నీకు!’ అంటాం. కోపంగా, ఎదుటివాడి పొగరును ఉద్దేశించి. అలవాటు మీద అదే ఇంగ్లీషులో ‘హౌ మచ్ గట్స్ యు హ్యావ్’ అనేస్తాం. ఇంగ్లీషువాడికి గట్స్ ఎక్కువగా మెచ్చుకోలు. తిట్టామనుకుంటాం, వాడు పొగిడారనుకుంటాడు. ఆ పొగరుకు వాళ్ల మాటలు నర్వ్, చీక్, గాల్. ‘వాట్ ఎ నర్వ్!’ అంటే మన ‘ఎంత పొగరు!’.

ఈ నర్వ్ కూడా మూడు వేషాలు వేస్తుంది. ‘ఎ నర్వ్’, ‘సమ్ నర్వ్’ అంటే తెంపరితనం. ‘లాస్ట్ హిజ్ నర్వ్’ అంటే చివరి నిమిషంలో ధైర్యం జారిపోయింది, గుండె జారింది. బహువచనం ‘నర్వ్స్’ అంటే దానికి పూర్తిగా తలకిందులు, బెదురు. ‘నర్వస్’ కూడా ఆ వైపుదే. ఒకే నరం ధైర్యమూ భయమూ అయిందన్నమాట.

#11 పాళీ

సుబ్బి గారి సందేహానికి తెలుగులోనే జవాబుంది. ఏకవచనం, బహువచనం చూడండి. ‘గుండె ఉంది’ మెచ్చుకోలు. ‘నీకెన్ని గుండెల్రా!’ మందలింపు. మనిషికి ఒకటే ఉండాల్సింది నీకు ఎన్నున్నాయి అని వెటకారం. కాబట్టి:

“యూ హ్యావ్ సమ్ నర్వ్, కమింగ్ హియర్” — “ఇక్కడికి రావడానికి నీకెన్ని గుండెలు!”

‘గుండెలు తీసిన బంటు’ కూడా అటూ ఇటూ కాని మాట, మెచ్చుకోలు, భయం రెండూ ఉంటాయందులో. దేనికీ వెనకాడనివాడు అని. విలన్ పక్కన ఉండే మనిషిని వర్ణించడానికి పనికొస్తుంది.

పొగరు మాత్రం తెలుగులో గుండెను వదిలి కండలోకీ కొవ్వులోకీ పోతుంది: కండకావరం, కొవ్వెక్కడం, బలుపు, ఒళ్లు తీపరం. ధైర్యం గుండెలో, ఊపిరిలో ఉంటే దాని చెడ్డ తమ్ముడు చర్మం కిందనే ఉంటాడు. ఏది వాడాలో తేలకపోతే ఇది గుర్తు పెట్టుకోండి.

#12 లీడ్స్_లత

బ్రిటిష్ సిరీస్ అయితే ఇంకొన్ని చూసుకోవాలి.

‘ఐ యామ్ గటెడ్’ అంటే తీవ్రమైన నిరాశ. కడుపులో ఉన్నదంతా తోడేసినట్టు. టికెట్లు దొరక్కపోయినా అంటారు, ఫైనల్ ఓడినా అంటారు. ‘ప్రాణం ఉసూరుమంది’ చాలా బాగా కుదురుతుంది. అన్నవాడు కుర్రాడైతే ‘మొత్తం పోయింది మామా’ కూడా నడుస్తుంది. మన పేపర్లలో ఆ మాట ఎప్పుడూ అగ్నిప్రమాదం వార్తల్లోనే కనిపిస్తుంది, అందుకే మనవాళ్లు మొదటిసారి వింటే ఇల్లు కాలిందేమో అనుకుంటారు.

ఆ రెండో గటెడ్, గోడలు నిలబడి లోపలంతా కాలిపోవడం. ‘గోడౌన్ దగ్ధమైంది’ అంటే వార్త భాష అయిపోతుంది. పాత్ర నోట ‘గోడౌన్ లోపలంతా బూడిదే’ అనిపించండి.

‘లాస్ట్ హిజ్ బాటిల్’, ‘బాటిల్డ్ ఇట్’ వస్తే సీసా కాదు, తెగువ జారిపోవడం. ‘వెనక్కి తగ్గాడు’, ‘చేతులెత్తేశాడు’.

‘స్పంక్’ అమెరికాలో ఉత్సాహం, ధైర్యం. బ్రిటన్‌లో అదే మాటకి పచ్చి బూతు అర్థం ఉంది. పిల్లలకు పర్యాయపదాల పట్టిక ఇచ్చే మాస్టార్లు దాన్ని తీసేయడం క్షేమం. అమెరికాలో ‘గట్ కోర్స్’ అంటే సులువుగా పాసయ్యే సబ్జెక్టు, ధైర్యానికి పూర్తి వ్యతిరేకం. అక్కడ చదివే పిల్లలకు తెలిసి ఉంటే మంచిది.

#13 షటిల్_శీను

షటిల్ ఆడేవాళ్లకు గట్ అంటే రాకెట్ తీగ, గట్టింగ్ అంటే తీగ కట్టించడం. ఇది కూడా ఆ పేగుల నుంచేనా?

#14 స్ట్రింగర్_99

పేగుల నుంచే. ఒకప్పుడు రాకెట్లకు గొర్రె పేగులతో, తర్వాత ఆవు పేగులతో చేసిన తీగ కట్టేవాళ్లు. ఇప్పుడు షటిల్‌లో నైలాన్ తీగే, అయినా పాత పేరు మన దేశంలో నిలిచిపోయింది. ఇంగ్లీషు దేశాల్లో స్ట్రింగింగ్ అంటారు, మన దగ్గర గట్టింగ్. బయటి దేశంలో షాపులో ‘గట్టింగ్ చేస్తారా’ అని అడిగితే చేప కడగమంటున్నారనుకుంటారు, ఎందుకంటే గటింగ్ అంటే చేప పొట్ట చీరి పేగులు తీయడం.

అడిగారు కాబట్టి పని సంగతి కూడా. షటిల్ రాకెట్‌కు తీగ సుమారు 10 మీటర్లు. మందం 0.65 నుంచి 0.70 మిల్లీమీటర్లు. సన్నదానికి శబ్దం, వేగం బాగుంటాయి, త్వరగా తెగుతుంది. క్లబ్బు ఆటకు 22 నుంచి 24 పౌండ్ల బిగువు చాలు. బిగువు పెంచేకొద్దీ కొట్టాల్సిన చోటు చిన్నదైపోతుంది, చేతికి జర్క్ వస్తుంది, ఫ్రేమ్ మీద భారం పడుతుంది.

నిలువు తీగలు నడిమధ్య నుంచి మొదలుపెట్టి కుడికొకటి, ఎడమకొకటి లాగాలి. ఒకే వైపు వరసగా లాగేస్తే ఫ్రేమ్ ఆ వైపుకి వంగుతుంది. తర్వాత అడ్డ తీగలు, ఒకదాని పైనుంచి, ఇంకోదాని కింద నుంచి. అడ్డానికి ఒకటి రెండు పౌండ్లు ఎక్కువ పెట్టడం మామూలు.

జనం చేసే తప్పు ఇంకొకటి. ఒక తీగ తెగితే అలాగే సంచిలో పడేసి వారం తర్వాత తెస్తారు. తెగిన చోట బిగువు పోయి మిగతా వైపు లాగుతూనే ఉంటుంది, ఫ్రేమ్ ఆకారం చెడుతుంది. తెగిన వెంటనే మధ్య నుంచి మొదలుపెట్టి బయటివైపుకు, అన్ని వైపులా సమంగా తీగలన్నీ కత్తిరించేయాలి.

టెన్నిస్‌లో ఆవు పేగు తీగ ఇప్పటికీ దొరుకుతుంది, ఖరీదెక్కువ. తడి తగిలితే పోగులు విడిపోతుంది.

#15 కుట్లు_విప్పని_నర్సు

ఆస్పత్రిలో క్యాట్‌గట్ కూడా ఆ కుటుంబమే. పేరులో క్యాట్ ఉన్నా పిల్లికి సంబంధం లేదు, గొర్రె లేదా ఆవు పేగుల పొరల నుంచి తీసిన దారం. ఒంట్లోనే కరిగిపోతుంది కాబట్టి కుట్లు విప్పే పని లేదు. సాదా రకం వారం, పది రోజుల్లో బలం కోల్పోతుంది. క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన క్రోమిక్ రకం రెండు మూడు వారాలు పట్టు నిలుపుకుంటుంది, పూర్తిగా కరగడానికి సుమారు మూడు నెలలు. సిరీస్‌లో ఆపరేషన్ సీన్ వచ్చి డాక్టరు ‘గట్’ అన్నాడంటే దారం అడిగాడని, ధైర్యం కాదు.

#16 మోడరేటర్

రాకెట్ బిగువు మీద ఇంకా చర్చ ఉంటే ఆటల విభాగంలో కొత్త దారం తీయండి. ఇక్కడ మాట మీదే ఉందాం.

#17 గోదారిగట్టు

దారం అని మీరే అంటున్నారు మోడరేటర్ గారూ, క్యాట్‌గట్‌దా?

సరే, అసలు ప్రశ్న. ఇంగ్లీషులో పేగులు ధైర్యమైతే తెలుగులో పేగులు ఏమైనట్టు? వాటికి మనం ఏ పనీ ఇవ్వలేదా?

#18 పాళీ

చాలా పెద్ద పనే ఇచ్చాం. తెలుగులో పేగు ప్రేమకు, ముఖ్యంగా తల్లి ప్రేమకు. పేగుబంధం, పేగు తెంచుకు పుట్టిన బిడ్డ. పేగు కదిలింది అంటే కన్నతల్లికి మమకారం పొంగింది అని. కడుపు కూడా ఆ వైపే: కడుపుతీపి, కడుపుకోత, కన్నకడుపు.

రెండోది ఆకలి. పేగులు అరుస్తున్నాయి, పేగులు మాడుతున్నాయి.

మూడోది బెదిరింపు. ‘పేగులు తీసి మెళ్లో వేసుకుంటా’. దీని వెనక నరసింహుడి బొమ్మ ఉంది, హిరణ్యకశిపుడి పేగుల్ని మాలగా వేసుకున్న రూపం. ధైర్యం చూపించేది పేగులు ఉన్నవాడు కాదు, అవతలివాడి పేగులు తీసేవాడు. అందుకే ‘నీకు పేగులున్నాయా’ అంటే తెలుగువాడికి నవ్వొస్తుంది.

ఇదంతా సబ్‌టైటిల్‌కు పనికొచ్చేది ఒక్క చోట. ‘గట్ రెంచింగ్’ అని వస్తే ఇంగ్లీషు, తెలుగు పేగులు ఒకే చోట కలుస్తాయి. బిడ్డను పోగొట్టుకున్న సన్నివేశమైతే ‘పేగులు మెలిపెట్టినట్టుంది’, ‘కడుపు తరుక్కుపోతోంది’. వెతకకుండానే దొరికే అనువాదం.

#19 గోల్కొండ_మిర్చి

జపానోళ్లు కూడ ఇంగ్లీషు నుంచి ఈ మాట తీసుకున్నరు, ‘గత్సు’ అంటరు. పోరాటపు పట్టుదల అని అర్థం. గెలిచినంక పిడికిలి బిగించి చెయ్యి ఎత్తితే దానికి ‘గత్సు పోజు’. ఇంగ్లీషోడికే ఆ మాట తెల్వదు. మనం ఒక్కళ్లమే మార్చుకోలే.

#20 తెలుగుతోట

నాదొక అభ్యంతరం. ఇంత వెతుకులాట ఎందుకు? ‘గట్స్’ తెలుగు మాటే అయిపోయింది. ‘గట్సున్నోడు’ అని సంధి కూడా చేసుకున్నాం. సబ్‌టైటిల్‌లో ‘నీకు గట్స్ లేవు’ అని వేస్తే అర్థం కానివాళ్లెవరు?

#21 మాస్టారు_తణుకు

అర్థమవుతుంది, ఒప్పుకుంటా. ‘గట్స్ ఉన్నాయా’ అనీ, ‘గట్స్ ఉందా’ అనీ రెండూ వినిపిస్తున్నాయి. కొందరు ‘షూస్‌లు’ లాగా ‘గట్స్‌లు’ కూడా అంటున్నారు. పరాయి మాట మన ఇంట్లో స్థిరపడిందనడానికి ఆనవాళ్లే ఇవి. రాసేటప్పుడు మాత్రం ‘ఉన్నాయి’తోనే ఉండండి.

#22 డబ్బింగ్_గొంతు

తోట గారి మాట పాత్రను బట్టి. కాలేజీ కుర్రాడు, ఆఫీసు బాసు అయితే గట్స్ ఉంచేయొచ్చు, పెదాల సమస్యే ఉండదు కాబట్టి డబ్బింగ్‌కి వరం. కానీ పద్దెనిమిదో శతాబ్దపు సైనికుడి నోట, పల్లెటూరి ముసలమ్మ నోట గట్స్ అంటే కథ కూలిపోతుంది. సైనికుడికి తెగువ, ముసలమ్మకు గుండె నిబ్బరం.

స్త్రీ పాత్రల దగ్గర ఇంకో జాగ్రత్త. ‘షీ హ్యాజ్ గట్స్’ అంటే అలవాటుగా ‘మగరాయుడు’ అనీ, పురుష పాత్రను రెచ్చగొట్టాలంటే ‘మగాడివైతే రా’, ‘గాజులు తొడుక్కున్నావా’ అనీ రాసేస్తుంటారు. ఇంగ్లీషు మాటలో ఆడ, మగ తేడా లేనప్పుడు మనం కలపకూడదు. ‘గుండె గల మనిషి’, ‘దేనికీ జంకదు’ చాలు.

#23 పాళీ

మాటల బరువుల మీద నాలుగు ముక్కలు, ఎందుకంటే ‘ధైర్యం, సాహసం, తెగువ ఒకటే’ అని నిఘంటువులు ఒకే వరసలో పడేస్తాయి.

తెగువ, తెగింపు ‘తెగు’ నుంచి. వెనక్కి కట్టి ఉంచే తాడు తెగిపోయాక వచ్చేది. ప్రాణానికో, ఉద్యోగానికో ముప్పు తెలిసి చేసేది. గట్స్‌కి ఒంటరిగా అన్నిటికన్నా దగ్గరి మాట ఇదే.

చేవ చెట్టు నడుమ ఉండే గట్టి కొయ్య. లోపలి సత్తువ. ‘చేవ లేనివాడు’ అనేది ‘గట్‌లెస్’కి పిరికిపంద కన్నా మెత్తగా, లోతుగా తగులుతుంది.

చొరవ ధైర్యం కాదు, ముందుగా అడుగు వేయడం. మొండి ధైర్యం అంటే లెక్క చూసుకోకుండా దూకడం. నిబ్బరం కదలకుండా నిలబడటం. ‘గ్రిట్’ని మాత్రం వీటిలో దేనితోనూ కలపకండి, అది రోజుల తరబడి సాగే పట్టుదల.

ఇక ‘ధైర్యం’కి ఇంగ్లీషులో లేని పని ఒకటుంది. మనం ధైర్యం *చెబుతాం*. చావింటికి వెళ్లి ధైర్యం చెప్పి వస్తాం. అక్కడ ‘టోల్డ్ హిమ్ కరేజ్’ అని రాసిన కుర్రాళ్లున్నారు, ‘కన్సోల్డ్’ అనాలి.

#24 సబ్‌టైటిల్_సుబ్బి

అందరికీ దండాలు. ఖాయం చేసినవి:

నీకంత గుండె లేదు.
వాడి పొడ నాకు గిట్టదు.
ఎక్కడో తేడా కొడుతోంది, వాడు అబద్ధమాడుతున్నాడు.
పోలీసుల దగ్గర అంతా కక్కేశాడు.
ప్రాణం ఉసూరుమంది మామా.
గోడౌన్ లోపలంతా బూడిదే.
ఇక్కడికి రావడానికి నీకెన్ని గుండెలు!

నాలుగో ఎపిసోడ్‌లో కొత్తది తగిలింది. పాత కారు బాగుచేసే మెకానిక్ బానెట్ ఎత్తి “లెట్స్ సీ హర్ గట్స్” అంటాడు.

#25 గోల్కొండ_మిర్చి

“ఏదీ, లోపల సామాన్ చూద్దాం.” హర్ అన్నడని ఆమె అనకుర్రి, కారది.

#26 లీడ్స్_లత

‘సామాన్’ సబ్‌టైటిల్‌లో వేరే అర్థం తీసుకుంటారు, అందులోనూ పక్కన ‘ఆమె’ ఉంటే. “ఇంజన్ సంగతేంటో చూద్దాం” వేసేయండి సుబ్బి గారూ.

#27 సబ్‌టైటిల్_సుబ్బి

వేసేశా.